తాపలు పీకితే పీడ పోతుందా?

జనగామలో అయినా, మానుకోటలో అయినా, భూపాలపల్లి దిక్కు పల్లెల్లో అయినా పాత మేడ ఉన్న ఇంట్లో మరమ్మతు మాట ఎత్తగానే అందరి వేలూ ఒకే చోటికి పోతుంది. అది చెక్క తాపల మీదికి. సుతారి, సెంట్రింగు మేస్త్రీ, వాస్తు చూసే పెద్దమనిషి, అమెరికా నుంచి వీడియో కాల్‌లో సలహా ఇచ్చే కొడుకు... ఇంకే విషయంలోనూ కలవని వీళ్లందరూ ఇక్కడ మాత్రం ఏకమవుతారు. "అవి పీకెయ్యండి, స్లాబు మెట్లు పోసుకుంటే పీడ పోతుంది" అంటారు. ఇంటాయన తలూపుతాడు. తాపలు ఊడి వాకిట్లో పడతాయి. వెనకే లారీ వస్తుంది.

ఈ మాట ఎంతగా పాతుకుపోయిందంటే ఇప్పుడు దాన్ని ఎవరూ ఒక అభిప్రాయం అనుకోవడం లేదు, ఇంగితజ్ఞానం అనుకుంటున్నారు. నాకైతే అందులో ఇంగితం కంటే తొందరే ఎక్కువ కనిపిస్తుంది. ఆ తొందరలో కొందరి లాభం కూడా ఉంది. చెక్క తాపలు విడిభాగాల కూర్పు. చెడిన భాగం తీసి మంచి భాగం పెట్టుకోవడానికి వీలుగానే వాటిని కట్టారు. ఆ వీలును పక్కనపెట్టి ఒక పలక పుచ్చిందని మొత్తం నిర్మాణానికి మరణశిక్ష వేస్తున్నాం. ఆ స్థానంలో పాత ఇల్లు మోయలేని బరువు తెచ్చి పెడుతున్నాం.

పూర్వపక్షాన్ని దాని బలంతోనే చెప్పాలి కాబట్టి ముందు అదే చెబుతాను. చెక్కకు చెదలు పడతాయి. పాత తాపలు నిట్టనిలువుగా ఉంటాయి, ముసలివాళ్లు జారిపడతారు. అడుగు వేస్తే కిర్రుమంటాయి కాబట్టి నమ్మకం కుదరదు. నిప్పంటుకుంటే కాలిపోతాయి. బాగు చేయించాలంటే వడ్ల పని తెలిసినవాడు దొరకడు, దొరికినా ఖర్చు తడిసి మోపెడవుతుంది. పైగా అవి దొరల కాలపు గుర్తులు, వాటి మీద మమకారం ఎందుకు? ఇవీ అభియోగాలు. వీటిలో ఒకటి నిజం, రెండు సగం నిజాలు, మిగతావి విచారణ లేకుండా వేసిన ముద్రలు.

చెదలతో మొదలుపెడదాం, ఎందుకంటే మిగతా వాదాలన్నీ దాని భుజం మీదే నిలబడ్డాయి. చెద చెక్కలో పుట్టదు. నేలలోంచి మట్టి గొట్టాలు కట్టుకుంటూ పైకి వస్తుంది. దానికి తేమ కావాలి, చీకటి కావాలి. టేకు మాను నడుమ ఉండే చేవలో చెదకు గిట్టని సహజ రసాయనాలుంటాయి. వాటిలో టెక్టోక్వినోన్ ముఖ్యమైనది. మాను అంచున ఉండే తెల్లచెక్కకు ఆ రక్షణ లేదు. అందుకే పాత టేకు పలకను చెద పట్టినప్పుడు అంచులు తిని నడుమ భాగాన్ని వదిలేయడం మామూలు. పైకి చూస్తే పలకంతా పోయినట్టే ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూస్తే అంచున మెత్తగా దిగుతుంది, రెండు వేళ్లు లోపలికి జరిగి గుచ్చితే దిగదు. ఈ పరీక్షకు ఐదు నిమిషాలు చాలు. అది చేయకుండానే తీర్పు చెబుతున్నారు.

ఇంకో సంగతి చాలామందికి కొరుకుడు పడదు. పాత తాపలకు వచ్చే జబ్బుల్లో కొన్ని సిమెంటు తెచ్చిపెట్టినవే. మట్టితో, సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చుకుంటుంది, మళ్లీ గాలికి వదిలేస్తుంది. దాని మీద గట్టి సిమెంటు ప్లాస్టరు కొడితే తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. గోడలోకి దూర్చిన దూలాల కొసలు, గోడకు ఆనుకున్న తాపల పక్కపలకలు ఆ చెమ్మను పట్టుకుంటాయి. కొన్నేళ్లకు పుచ్చుతాయి, వాటి వెంట చెద వస్తుంది. అప్పుడు సుతారి వచ్చి "చెక్క అంటే ఇంతే" అంటాడు. తప్పు ప్లాస్టరుది, శిక్ష చెక్కది. తాపల పక్కనే కొత్తగా బాత్రూం కట్టినా, పెంకుల సందున వాన కారుతున్నా జరిగేది ఇదే. ఆ చెమ్మకు కారణం వెతకకుండా తాపలు పీకేస్తే చెద ఊరుకోదు, పక్కనున్న దర్వాజకు పోతుంది.

ఇక దాని స్థానంలో మనం తెచ్చేదేమిటో లెక్క కడదాం. మూడడుగుల వెడల్పు, 15 మెట్లు, ఆరంగుళాల స్లాబు అనుకుంటే ఆర్‌సీసీ మెట్లకు దాదాపు 0.9 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. ఘనపు మీటరు కాంక్రీటు సుమారు 2,400 నుంచి 2,500 కిలోల బరువు తూగుతుంది. అంటే రెండు టన్నుల పైమాటే, గ్రానైట్ పరిస్తే ఇంకా ఎక్కువ. అదే కొలతలతో టేకు తాపలు కడితే పావు ఘనపు మీటరు కలప చాలు. టేకు ఘనపు మీటరుకు 650 కిలోల దగ్గర ఉంటుంది కాబట్టి రెయిలింగ్‌తో కలిపినా మొత్తం రెండు వందల కిలోల దరిదాపుల్లో తేలుతుంది. పది రెట్ల తేడా. ఈ రెండు టన్నులను ఎక్కడ ఆనిస్తారు? పునాదిలో మట్టీ రాయీ కలిపి కట్టిన గోడకా? దాన్ని తొలిచి కడ్డీలు దూర్చి స్లాబు ఆనిస్తే గోడ ఆ గాయం దగ్గరే పగులుతుంది.

అక్కడితో అయిపోదు. కాంక్రీటును నీటితో తడపాలి. సాధారణ సిమెంటుకు కనీసం ఏడు రోజులు, ఇప్పుడు బజార్లో ఎక్కువగా దొరికే పీపీసీ సిమెంటుకు పది రోజులు తడపాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. పది రోజులు మట్టి గోడ పక్కన నీళ్లు పోయడమంటే ఏమిటో పల్లెలో పుట్టినవాడికి చెప్పక్కర్లేదు. ఒక ఏటి వానాకాలం మొత్తాన్ని ఇంటి నడుమకు తెచ్చిపెట్టినట్టే. ఆ తడి గోడలో, దూలాల కొసల్లో, మిగిలిన దర్వాజల్లో దిగుతుంది. రెండేళ్ల తర్వాత ఇంటికి పగుళ్లు కనబడితే "పాతిల్లు కదా" అని మళ్లీ ఇంటినే తిడతాం. చెక్క తాపలు తీసేసిన రోజునే ఆ ఇల్లు కూలడం మొదలైందని ఎవరూ గుర్తుపెట్టుకోరు.

పాత తాపలు నిటారుగా ఉంటాయన్న మాట నిజమే. కానీ వాటిని నిటారుగా నిలబెట్టింది చెక్క గుణం కాదు, స్థలం. జాతీయ భవన నిర్మాణ సంహిత 2016 ప్రకారం ఇంటి లోపలి మెట్టు వెడల్పు కనీసం 250 మిల్లీమీటర్లు ఉండాలి, ఎత్తు 190 మిల్లీమీటర్లకు మించకూడదు, ఒక వరుసలో ఎన్ని ఎత్తులుండాలో దానికీ పరిమితి ఉంది. పదడుగుల ఎత్తు ఎక్కడానికి 17 ఎత్తులు పెడితే ఒక్కోటి 180 మిల్లీమీటర్లకు సరిపోతుంది. నడుమ ఒక దిగుడు అరుగు వదలాలి. మెట్ల పొడవే 12 అడుగులు దాటుతుంది, అరుగు దానికి అదనం. పాత మేడలో తాపల కోసం వదిలిన గది ఎనిమిది, తొమ్మిది అడుగులే ఉంటే అందులో చెక్క పెట్టినా, కాంక్రీటు పోసినా ఏటవాలు అంతే. కాంక్రీటు స్లాబు మందంగా ఉంటుంది కాబట్టి ఎక్కేటప్పుడు తల తగలకుండా ఉండే జాగా ఇంకా తగ్గుతుంది. స్లాబు మెట్లు వాలుగా ఉన్నట్టు మనకు కనిపించేది కొత్త ఇళ్లలో. అక్కడ ముందే ఎక్కువ స్థలం వదిలారు. అదే స్థలం ఇస్తే వడ్లాయన కూడా వాలుగా కట్టగలడు. నడుమ అరుగు పెట్టి మలుపు తిప్పడం చెక్కతో ఇంకా సులువు.

కిర్రుమనే శబ్దం సంగతి భూపాలపల్లి వాళ్లకు నేను చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. సింగరేణి భూగర్భ గనుల్లో పైకప్పు నిలపడానికి ఏళ్ల తరబడి కర్ర దిమ్మెలు వాడారు. టింబర్‌మన్ అనేది అక్కడ ఒక ఉద్యోగం పేరు. తర్వాత ఇనుప ఆధారాలు, రూఫ్ బోల్టులు వచ్చాయి. అయినా పాత కార్మికులు కర్ర గురించి ఒక మాట చెబుతారు: విరిగే ముందు అది చిటపటమంటుంది, ఆ చప్పుడు విని మనిషి తప్పుకోవచ్చు. ఇంటి తాపల్లో వచ్చే కిర్రు అంత ప్రమాదకరమైనది కూడా కాదు. ఎండాకాలం పలక కుంచించుకుపోయి గాడిలో సందు ఏర్పడుతుంది. అడుగు పడినప్పుడు పలక మేకుకో, పక్కపలకకో రాసుకుంటుంది. ఆ సందులో జిగురు పూసిన సన్నని చెక్క చీలిక దిగ్గొడితే కిర్రు ఆగిపోతుంది. సరిగ్గా పోసిన కాంక్రీటు కూడా పగుళ్లు చూపి హెచ్చరిస్తుంది, కాదనను. కానీ లోపల కడ్డీ తుప్పు పట్టడాన్ని మనం పైన పూసిన ప్లాస్టరూ, పరిచిన గ్రానైటూ చాలాకాలం దాచిపెడతాయి. శబ్దం చేసేదాన్ని అనుమానించి, మౌనంగా ఉండేదాన్ని నమ్మడం ఏ రకం జాగ్రత్త?

నిప్పు విషయంలో కాంక్రీటుదే పైచేయి. ఒప్పుకోవాలి. టేకులాంటి గట్టి కలప నిమిషానికి దాదాపు అర మిల్లీమీటరు చొప్పున బొగ్గవుతుందని యూరప్ నిర్మాణ ప్రమాణాలు లెక్కగడతాయి. ఆ లెక్కన 50 మిల్లీమీటర్ల పక్కపలక రెండు వైపులా అరగంట కాలితే నడుమ 20 మిల్లీమీటర్లు మిగులుతుంది. ఇంట్లోవాళ్లు దిగిపోవడానికి కొంత వ్యవధి దొరుకుతుంది, అంతకు మించి గొప్పలు చెప్పలేం. అయితే చెక్క తాపల కింద ఖాళీ జాగా ఉంది కదా అని గ్యాస్ సిలిండరు, ఇన్వర్టర్ బ్యాటరీ పెట్టేది మనమే. తాపలు పీకించే ముందు వాటిని బయటికి జరిపితే ప్రమాదంలో పెద్ద పాలు ఖర్చు లేకుండానే పోతుంది.

ఖర్చు దగ్గరికి వస్తే అసలు కథ బయటపడుతుంది. కూల్చే కాంట్రాక్టరు "మీకేం ఖర్చు లేదు, కూల్చి ఊడ్చి ఇస్తాం, కలప మాకు వదిలేయండి" అంటాడు. ఇంటాయనకు అది ఉపకారంలా వినిపిస్తుంది. ఆ పావు ఘనపు మీటరు అంటే దాదాపు తొమ్మిది ఘనపుటడుగుల పాత టేకు. మహాదేవపూర్ దిక్కు గోదావరి ఒడ్డు అడవుల్లో మెల్లగా పెరిగిన మాను చెక్క అలాంటిది ఇప్పుడు కొత్తగా దొరకడం కష్టం. పదిహేను, ఇరవై ఏళ్లకే కోసేసే పొలం గట్ల టేకులో తెల్లచెక్క పాలు ఎక్కువ, చేవ తక్కువ. దాన్ని కోసి తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. అంటే చెద నిజంగా తినగలిగే చెక్కను ముందు ముందు డబ్బు పోసి కొనబోతున్నాం, చెద తినలేని చెక్కను ఇవాళ ఉచితంగా ఇచ్చేస్తున్నాం. అంత పనికిమాలిన కలపే అయితే దాని కోసం లారీ ఎందుకు వస్తుందో ఒక్కసారి ఆలోచించాలి.

లారీ ఎక్కిన తాపలు, స్తంభాలు, దర్వాజలు పాత కలప దుకాణాల మీదుగా ఫాంహౌస్‌లకు, హోటళ్లకు చేరతాయి. తమిళనాట చెట్టినాడు ఇళ్లకు ఇదే జరిగింది. కూలిన ఇళ్ల బర్మా టేకు కారైకుడి పాత సామాన్ల వీధిలో అమ్మకానికి నిలబడింది. ఫాంహౌస్‌లో స్తంభాన్ని ముద్దుచేసేవాళ్లనూ, ఇక్కడ దాన్ని పీకేవాళ్లనూ నేను వేరువేరుగా చూడను. పాత పని మీద ప్రేమ ఉంటే దాన్ని ఉన్నచోట నిలపాలి. 2017 డిసెంబర్‌లో ఢిల్లీలో జరిగిన సర్వసభ్య సమావేశంలో అంతర్జాతీయ స్మారక సంస్థ ఇకోమోస్ కలప కట్టడాల మీద సూత్రాలు ఆమోదించింది. వాటి సారం మన వడ్లవాళ్లకు కొత్త కాదు: వీలైనంత పాత చెక్కను ఉంచు, చెడినంతవరకే తియ్యి, పెట్టేటప్పుడు అదే జాతి చెక్క పెట్టు. ఈ మాట ఢిల్లీలో చెబితే వారసత్వ పరిరక్షణ అవుతుంది, పాలకుర్తిలో వడ్లాయన చెబితే చాదస్తం అవుతుంది.

"పనివాళ్లేరీ?" అన్న ప్రశ్నలో సగం నిజం ఉంది. ఉన్నారు, తగ్గిపోతున్నారు. ఎందుకు తగ్గుతున్నారన్నది మిగతా సగం. జనగామ పక్కనే ఉన్న పెంబర్తిలో ఇత్తడి రేకు మీద చెక్కే పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, ప్రభుత్వాలు కానుకలకు ఆ జ్ఞాపికలు కొంటాయి. కొనేవాళ్లుంటే చేతులుంటాయి. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తుల్లో వడ్రంగాన్ని చేర్చింది. పనిముట్లకు 15,000 రూపాయలు, శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భృతి, 5 శాతం వడ్డీకి రుణం ఇస్తుంది. మంచిదే. కానీ చిత్రిక, ఉలి, రంపం చేతికిచ్చాక ఆ కుర్రాడికి ఊళ్లో దొరికే పని రెడీమేడ్ తలుపుకు గొళ్లెం బిగించడం, ప్లైవుడ్ మీద సన్మైకా అంటించడం. పక్కపలకలో గాడి తీసి తాప కూర్చడం నేర్పాలంటే బాగు చేయాల్సిన తాపలు ఎదురుగా ఉండాలి. వాటిని మనం పీకేసి, పనివాడు లేడని వాపోతున్నాం.

దొరల గుర్తులన్న వాదం జనగామ జిల్లాలో మాట్లాడేటప్పుడు తేలిగ్గా తీసిపారేయగలిగేది కాదు. విసునూరు గడీ ఉన్న నేల ఇది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు నేలకొరిగాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను దొర మనుషుల చేతికి పోనివ్వలేదు. ఆ కోపం న్యాయమైనది. అయితే ఆ గడీల్లో వెట్టి చేసినవాళ్లలో వడ్లవాళ్లూ ఉన్నారు. కూలి ముట్టకుండా వాళ్ల చేత చేయించుకున్న పని అది. దొర ఆ తాపల మీద ఎక్కాడు గానీ వాటిని చేయలేదు. దొర మీద కోపంతో వడ్లాయన చేతిపనిని తగలబెడితే నష్టపోయినవాణ్ని రెండోసారి నష్టపరిచినట్టు. పైగా మనం మాట్లాడుతున్న తాపల్లో ఎక్కువ భాగం గడీల్లోవి కావు. కేసముద్రం, మానుకోట, జనగామ బజార్లలో కింద దుకాణం, పైన కాపురం ఉన్న వ్యాపారుల ఇళ్లలోవి, కొద్దిగా ఉన్న రైతుల ఇళ్ల అటుకలకు పోయేవి. ఆ ఇళ్లకు గడీ మరక అంటగట్టడం చరిత్ర తెలిసినవాళ్లు చేసే పని కాదు.

వాస్తు మీద నాకు నమ్మకం లేకపోయినా నమ్మేవాళ్లతో ఒక మాట. ఈశాన్యంలో మెట్లున్నాయని భయపడితే చెక్క తాపలంత అనుకూలమైనవి ఇంకోటి లేవు. విప్పి నైరుతిలో నిలబెట్టుకోవచ్చు. రేపు ఇంకో పండితుడు ఇంకో దిక్కు చూపిస్తే మళ్లీ విప్పుకోవచ్చు. కాంక్రీటు పోశాక డ్రిల్లింగ్ మిషన్ తప్ప గతి లేదు.

అన్ని తాపలనూ నిలపాలని నేననడం లేదు. రెండు పక్కపలకలూ సగానికి పైగా డొల్లైతే, పైన ఆనుకున్న దూలమే పుచ్చితే, ఆ ఇంటిని బడిగానో, హాస్టల్‌గానో, ఆసుపత్రిగానో మార్చాలనుకుంటే తీసేయాల్సిందే. మోకాళ్లు పట్టేసిన అమ్మమ్మను మేడ ఎక్కించడం ఏ మెట్ల మీదైనా తప్పే, ఆమెకు కింద గది ఇవ్వాలి. తీసినా కలపను ఇంట్లోనే ఉంచుకుని, చేవ ఉన్న పలకలతో వాలు తగ్గించి కొత్త తాపలు కట్టించుకోవచ్చు. దాన్నీ నేను పునరుద్ధరణ అనే అంటాను.

బాగు చేయించేవాళ్లు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. మొదటి మెట్టు రాయితో ఉండాలి, చెక్క నేలను తాకకూడదు. తాపల కింద గాలి ఆడాలి, చెద గొట్టాలు కనిపించేలా ఆ జాగా తెరిచి ఉంచాలి. గోడకు ఆనే చోట సిమెంటు గీకేసి సున్నం పూయాలి. పొడి చెక్కకు బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన ద్రావణం పట్టించాలి. పాత ఎనామిల్ రంగును మిషన్ పెట్టి ఎండు గీకుడు గీకించకండి. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదన్న నిబంధన 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి రంగు పొడిలో సీసం ఉండవచ్చు, పసిపిల్లలకు అది విషం. తడిపి గీకాలి, ఆ రోజుల్లో పిల్లల్ని వేరే ఇంట్లో ఉంచాలి.

2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు ఉమ్మడి వరంగల్ అంతా పండగ చేసుకుంది. గుడి రాయికి ఇచ్చిన విలువలో నూరోవంతు ఇంటి చెక్కకు ఇవ్వలేమా? 2017లోనే ప్రపంచ వారసత్వ నగరమైన అహ్మదాబాద్‌లో పాత చెక్క ఇళ్ల యజమానులకు బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కులు ఇచ్చి, వాటిని అమ్ముకుని మరమ్మతు చేయించుకునే వీలు కల్పించారు. మన మూడు జిల్లా కేంద్రాల్లో అంత ఏర్పాటు కావడానికి కాలం పడుతుంది. అందాకా ఇంటాయన చేతిలో ఉన్నది ఒకటుంది. తాపల మీద చెయ్యి పడకముందే కాంట్రాక్టరు చేత ఒకే కాగితం మీద రెండు లెక్కలు రాయించాలి. ఒకటి, వడ్లాయన గుచ్చి చూసి చెడిందన్న పలకలు మాత్రమే మార్చితే అయ్యే ఖర్చు. రెండు, స్లాబు మెట్లకు అయ్యే ఖర్చు, దానిలో గోడకు పెట్టాల్సిన ఆధారం, పునాది, పోయే కలప ధర అన్నీ కలిపి. రెండు లెక్కలూ పక్కపక్కన చూశాకే నిర్ణయం తీసుకోండి. కలప ధర కాగితం మీద రాయనన్న కాంట్రాక్టరుకు ఇంటి తాళం ఇవ్వకండి.